పాత అమెరికన్ కథలు చెప్పేటప్పుడు రచయితల జీవితాల్లో ఎంత చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డిగ్రీ పిల్లలకి మీరు పాత అమెరికన్ కథలు చెప్పబోతున్నారు. సిలబస్‌లో హాథార్న్, ఎడ్గార్ ఏలన్ పో, కేట్ షోపాన్, షార్లెట్ పెర్కిన్స్ గిల్‌మన్, ఓ. హెన్రీ, జాక్ లండన్ ఉన్నారు. నెట్‌లో వెతికితే ఒకాయన తాగుబోతు, ఒకాయన జైలుకెళ్ళాడు, ఒకావిడకి మతి చలించింది అన్న కబుర్లే తప్ప పాఠానికి పనికొచ్చేది దొరకడం లేదు. ఈ జీవితాల గురించి క్లాసులో ఎంత చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

చాలా ఏళ్ళు ఇదే పాఠం చెప్పాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. రోగాలూ అలవాట్లూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ప్రతి కథకీ ముందు రెండు సంగతులు కనుక్కోండి: అది మొదట ఏ పత్రికలో వచ్చింది? అది రాసేనాటికి ఆ రచయితకి ఇల్లెలా గడుస్తోంది? ఈ రెండూ తెలిస్తే ఆ కథ ఎందుకు అంత పొట్టిగా ఉందో, ఎందుకలా ముగిసిందో, అందులో మనుషులు డబ్బు గురించి ఎందుకంత మాట్లాడుకుంటారో తేలిగ్గా బోధపడుతుంది.

మొదట చట్టం సంగతి. 1891 దాకా అమెరికాలో విదేశీ రచయితలకి కాపీరైట్ రక్షణ లేదు. ఇంగ్లండ్ నవలాకారుడు డికెన్స్ కొత్త నవల ఓడలో న్యూయార్క్ చేరడమే ఆలస్యం, అక్కడి ప్రచురణకర్తలు పోటీలు పడి అచ్చేసి చవగ్గా అమ్మేవాళ్ళు. డికెన్సే ఊరికే దొరుకుతుంటే, రాయల్టీ అడిగే సొంత ఊరి నవలాకారుణ్ణి ఎవరు పట్టించుకుంటారు? పుస్తకాల మీద బతకలేని ఆ రచయితలకి పత్రికలు దిక్కయ్యాయి. పత్రికలకి కావలసింది కథ. అమెరికాలో కథానిక అంత తొందరగా నిలదొక్కుకోవడానికి ఇదొక పెద్ద కారణం. పిల్లలకి ఈ ఒక్క ముక్క చెప్పకుండా హాథార్న్ దగ్గరికి వెళ్ళకండి.

హాథార్న్ తొలి కథలు చాలా వరకు పేరు లేకుండానే అచ్చయ్యాయి. బోస్టన్‌లో 'ది టోకెన్' అని పండక్కి బహుమతిగా ఇచ్చుకునే వార్షిక సంచిక ఉండేది, అందులో కొన్ని వచ్చాయి. ఆయన పుట్టింది 1804లో, సేలంలో. 1692లో ఆ ఊళ్ళో మంత్రగత్తెలన్న నేరం మోపి జనాన్ని విచారించినప్పుడు, ప్రశ్నలు వేసిన న్యాయాధికారుల్లో ఒకడైన జాన్ హాథార్న్ ఈయనకి ముత్తాత తండ్రి. మొత్తం 19 మందిని ఉరితీశారు. 'యంగ్ గుడ్‌మన్ బ్రౌన్' 1835లో వచ్చింది. అందులో అడవిలో సైతాను సభకి వెళ్ళేవాళ్ళలో గుడీ క్లోయిస్, మార్తా క్యారియర్ అన్న పేర్లు కనిపిస్తాయి. ఇవి కల్పించిన పేర్లని పిల్లలు అనుకుంటారు. రెండూ 1692 కేసుల్లో ఇరుక్కున్న ఆడవాళ్ళ పేర్లే, మార్తా క్యారియర్‌ని ఉరితీశారు కూడా. తన వంశంవాడు నేరస్థులన్నవాళ్ళని మనవడి మనవడు మళ్ళీ కథలోకి తెచ్చి, ఊళ్ళోని పెద్దమనుషులందరినీ వాళ్ళ పక్కనే నిలబెట్టాడు. ఇది తెలిశాక ఆ కథ చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన ఉద్యోగం కస్టమ్స్ ఆఫీసులో. 1849లో అధికారం చేతులు మారగానే ఆ ఉద్యోగం ఊడింది, మరుసటి ఏడాదే పెద్ద నవల రాశాడు. ఇంతకుమించి అవసరం లేదు.

పో దగ్గర జాగ్రత్తగా ఉండాలి. తాగి తిరిగే పిచ్చివాడు అన్న బొమ్మ మనదాకా రావడానికి రూఫస్ గ్రిస్‌వోల్డ్ అనే సంపాదకుడి పాత్ర చాలా ఉంది. ఆయనకి పో అంటే గిట్టదు. 1849 అక్టోబరులో పో బాల్టిమోర్‌లో చనిపోగానే మారుపేరుతో విషం కక్కుతూ సంస్మరణ రాశాడు, తర్వాత పో ఉత్తరాల్ని కూడా మార్చి అచ్చేశాడు. పో తాగేవాడన్నది నిజమే. కానీ ఎప్పుడూ మత్తులో ఉండే మనిషి అన్ని కథలు, సమీక్షలు, వ్యాసాలు రాసి, మధ్యలో పత్రికలు కూడా నడిపించలేడు. ఫిలడెల్ఫియాలో 'గ్రాహమ్స్ మేగజీన్'కి ఏడాదికి 800 డాలర్ల జీతం మీద సంపాదకుడిగా పనిచేశాడు. తొలి డిటెక్టివ్ కథ అని మనం చెప్పుకునే 'ది మర్డర్స్ ఇన్ ద రూ మార్గ్' 1841లో అక్కడే వచ్చింది. 1842 మేలో అదే పత్రికలో హాథార్న్ పుస్తకాన్ని సమీక్షిస్తూ, కథ ఒకే విడతలో చదివి ముగించేలా ఉండాలనీ, ప్రతి వాక్యమూ ఒకే ప్రభావం కోసం పనిచెయ్యాలనీ రాశాడు. దీన్ని మనం సిద్ధాంతంగా బోర్డు మీద రాస్తాం. నెలనెలా పేజీలు నింపే సంపాదకుడికి పాఠకుడి ఓపిక ఎంతో బాగా తెలుసు, ఆ అనుభవం ఈ మాటల్లో ఉందని కూడా చెప్పండి.

ఆ 1842 జనవరిలో ఆయన భార్య వర్జీనియా పాట పాడుతుండగా నోటి వెంట రక్తం పడింది. క్షయ. పోకి మూడేళ్ళు నిండకముందే తల్లి కూడా అదే జబ్బుతో పోయింది. మే నెలలో 'ది మాస్క్ ఆఫ్ ద రెడ్ డెత్' అచ్చయింది. రక్తం కారే రోగం, తలుపులన్నీ బిగించుకుని లోపల విందు చేసుకునే రాకుమారుడు. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూపించండి, అక్కడితో ఆపెయ్యండి. కథలో ఫలానాది భార్య, ఫలానాది తల్లి అని అర్థాలు విప్పడం మొదలుపెడితే కథ చచ్చిపోతుంది. వర్జీనియా ఇంకో అయిదేళ్ళు బతికి 1847లో చనిపోయింది.

ఇక అమెరికా అంతర్యుద్ధం (1861-65) తర్వాతి కాలం. ఓ. హెన్రీ, లండన్ వీళ్ళంతా అర్థం కావాలంటే పోస్టాఫీసు సంగతి తెలియాలి. 1879లో పత్రికలకి ప్రత్యేక తపాలా తరగతి ఏర్పడింది, 1885లో ఆ రేటు పౌనుకి ఒక సెంటుకి దిగింది. దేశం ఈ కొస నుంచి ఆ కొసకి పత్రిక పంపడం దాదాపు ఖర్చు లేని పని అయింది. ఫోటోలు అచ్చెయ్యడం చవకైంది. 'హార్పర్స్', 'సెంచరీ' లాంటి పెద్దింటి పత్రికలు 35 సెంట్లకి అమ్ముతుంటే, 1893లో 'మన్సీస్' 10 సెంట్లకి దిగింది, అదే ఏడాది 'మెక్‌క్లూర్స్' 15 సెంట్లతో మొదలైంది. లాభం పాఠకుడి నుంచి కాక ప్రకటనల నుంచి వచ్చేది. ప్రకటనలకి చందాదారులు కావాలి, చందాదారులకి ప్రతి సంచికలో కథలు కావాలి. ఒక తరం రచయితలకి ఇది నిజంగా జీవనోపాధి అయింది.

పత్రిక కథని ఎంత మార్చేస్తుందో చూపించడానికి జాక్ లండన్‌ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. 'టు బిల్డ్ ఎ ఫైర్' ఆయన రెండుసార్లు రాశాడు. మీ సిలబస్‌లో ఉన్నది 1908లో 'సెంచరీ'లో వచ్చింది. దానికి ఆరేళ్ళ ముందు, 1902లో, కుర్రాళ్ళు చదివే 'ది యూత్స్ కంపేనియన్'లో అదే పేరుతో ఒక కథ ఉంది. అందులో మనిషికి పేరుంది, టామ్ విన్సెంట్. కుక్క లేదు. నీళ్ళలో కాలు తడుస్తుంది, మంట ఆరిపోతుంది, చేతులు మొద్దుబారతాయి, చివరికి ఎలాగో మంట వేసుకుని బతికి బయటపడతాడు. ఒంటరిగా ప్రయాణం చెయ్యకూడదని బుద్ధి తెచ్చుకుంటాడు. 1908 కథలో మనిషికి పేరు లేదు, వెంట కుక్క ఉంది, చలి సున్నాకి దిగువన 75 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 59. ఇందులో అతను చచ్చిపోతాడు, కుక్క వేరే మనుషుల విడిదిని వెతుక్కుంటూ వెళ్ళిపోతుంది. మొదటిది పిల్లల కోసం రాసిందని లండనే తర్వాత 'సెంచరీ' సంపాదకుడికి ఉత్తరం రాశాడు. 1897లో బంగారం కోసం కెనడా ఉత్తరాన ఉన్న క్లాండైక్ వెళ్ళి, స్కర్వీ జబ్బుతో చిగుళ్ళు పాడై తిరిగొచ్చిన మనిషి ఈయన. ఆ చలి ఆయన స్వయంగా పడ్డదే. అయినా ఆ అనుభవం ఒక పత్రికలో నీతికథ అయింది, ఇంకో పత్రికలో గొప్ప కథ అయింది. జీవితానికీ కథకీ మధ్య ఎంత పని జరుగుతుందో పిల్లలకి ఇక్కడ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఓ. హెన్రీ. ఈయన దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అందరూ ఈయన్ని కొసమెరుపు రచయిత అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నాకది అన్యాయం అనిపిస్తుంది.

అసలు పేరు విలియం సిడ్నీ పోర్టర్. 1862లో నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో పుట్టాడు. మూడేళ్ళకే తల్లి పోయింది, మేనత్త చదువు చెప్పింది. బాబాయి మందుల షాపులో పనిచేసి 19 ఏళ్ళకి ఫార్మసిస్టు లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ లైసెన్సే తర్వాత జైల్లో ఆయన్ని కాపాడింది. టెక్సస్ వెళ్ళి పశువుల రాంచ్‌లో ఉన్నాడు, ఆస్టిన్‌లో భూముల ఆఫీసులో మ్యాపులు గీశాడు, 1891 నుంచి ఒక బ్యాంకులో టెల్లర్. 'ది రోలింగ్ స్టోన్' అని సొంతంగా వారపత్రిక పెట్టాడు, అది ఏడాది తిరక్కుండానే మూతపడింది. బ్యాంకు లెక్కల్లో డబ్బు తేడా వచ్చిందని కేసు పడింది. ఆయన నిజంగా తీశాడా, లెక్కలు గాలికొదిలేసిన బ్యాంకులో దొరికిపోయాడా అన్నది ఈనాటికీ తెగలేదు. 1896లో విచారణకి వెళుతూ దారిలో రైలు మారి న్యూ ఆర్లీన్స్‌కి, అక్కడి నుంచి హోండురాస్‌కి పారిపోయాడు. విదేశీ కంపెనీల చెప్పుచేతల్లో నడిచే చిన్న దేశాలని అనే 'బనానా రిపబ్లిక్' అన్న మాట ఆ బతుకు మీద రాసిన పుస్తకంలోంచే లోకానికి వచ్చింది. భార్య ఏథల్ క్షయతో చివరి దశలో ఉందని తెలిసి 1897లో తిరిగొచ్చి లొంగిపోయాడు. ఆ జులైలో ఆమె పోయింది. మరుసటి ఏడాది అయిదేళ్ళ శిక్ష పడి ఒహాయో పెనిటెన్షరీలోకి వెళ్ళాడు. ఖైదీ నంబరు 30664.

మందులు తెలిసినవాడు కాబట్టి జైలు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ఇచ్చారు. పడక కూడా అక్కడే. రాసిన కథల్ని న్యూ ఆర్లీన్స్‌లో ఉన్న స్నేహితుడి ద్వారా పత్రికలకి పంపేవాడు, కవరు మీద జైలు ముద్ర పడకూడదు కదా. 1899 డిసెంబరు 'మెక్‌క్లూర్స్'లో ఓ. హెన్రీ పేరుతో కథ వచ్చేనాటికి ఆయన ఇంకా లోపలే ఉన్నాడు. సత్ప్రవర్తన మీద 1901 జులైలో విడుదలయ్యాడు. కూతురు మార్గరెట్‌కి అప్పుడు పదకొండేళ్ళు, నాన్న వ్యాపారం పని మీద ఊరెళ్ళాడనే ఆ పిల్లకి చెప్పారు.

ఇది తెలిశాక ఆయన కథల్లో ఎంతమంది మారుపేర్లతో తిరుగుతున్నారో గమనించండి. 1903 నాటి 'ఎ రిట్రీవ్డ్ రిఫర్మేషన్' జైలు చెప్పుల వర్క్‌షాపులో మొదలవుతుంది. జిమ్మీ వాలెంటైన్ బయటికి వెళ్ళేటప్పుడు అధికారులు ఒక రైలు టికెట్టు, అయిదు డాలర్ల నోటు చేతిలో పెడతారు. రిజిస్టర్‌లో అతని నంబరు 9762. ఈ వివరాలు ఎవరో చెబితే విని రాసినవి కావని చదువుతుంటేనే తెలుస్తుంది. జిమ్మీ ఇంకో ఊళ్ళో రాల్ఫ్ స్పెన్సర్ అయి చెప్పుల షాపు పెట్టుకుంటాడు. ఓ. హెన్రీ కొసమెరుపుల్లో చాలావాటికి మూలం ఇదేనని నా నమ్మకం: ఒక మనిషి తాను చెప్పుకున్నవాడు కాదన్న నిజం ఆఖరి పేరాలో బయటపడుతుంది. జైలు నుంచి వచ్చాక న్యూయార్క్‌లో ఉన్నంతకాలం ఈయన భయపడింది కూడా అలాంటి పేరాకే.

'ది గిఫ్ట్ ఆఫ్ ద మేజై'ని లెక్కల కాగితంగా చదివించండి. నా క్లాసుల్లో ఇంతకన్నా బాగా పనిచేసిన పద్ధతి లేదు. డెల్లా దగ్గర ఉన్నది 1.87 డాలర్లు, అందులో 60 సెంట్లు కూరలవాడితో, మాంసం కొట్టువాడితో బేరమాడి మిగిల్చిన పెన్నీలు. జిమ్ జీతం వారానికి 30 నుంచి 20కి పడిపోయింది. ఫ్లాట్ అద్దె వారానికి 8. అంటే జీతంలో ఐదింట రెండు వంతులు అద్దెకే పోతోంది. జుట్టుకి 20 వచ్చాయి, గొలుసుకి 21 ఇచ్చింది, 87 సెంట్లతో ఇంటికొచ్చింది. ఒక్క సెంటు తేడా లేకుండా లెక్క సరిపోతుంది. ఈ కథ 1905 డిసెంబరు 10న 'న్యూయార్క్ వరల్డ్' ఆదివారం సంచికలో వచ్చింది. పులిట్జర్ నడిపిన ఆ పేపరు కొనేది గుమాస్తాలు, షాపుల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు. వాళ్ళ ఇళ్ళల్లోనూ ఇదే లెక్క. ఆ పేపరుకి ఆయన వారానికో కథ ఇచ్చేవాడు, కథకి 100 డాలర్లు, అంటే జిమ్ అయిదు వారాల జీతం. ఆదివారం పేజీలో పట్టాలి, చదివినవాడు సోమవారం పనిలో ఇంకొకడికి చెప్పుకోవాలి. అంత బిగువు, ఆ ముగింపు అక్కడివే. 1906లో వేసిన సంపుటికి 'ది ఫోర్ మిలియన్' అని పేరు పెట్టాడు. న్యూయార్క్‌లో పట్టించుకోదగ్గవాళ్ళు 400 మందే అని సంపన్నులు అనుకునే రోజులవి. జనాభా లెక్కల్లో ఉన్న 40 లక్షల మందీ నాకు కావాలి అన్నది ఆయన జవాబు. 1910లో 47 ఏళ్ళకే పోయాడు, తాగుడు కాలేయాన్ని తినేసింది.

కేట్ షోపాన్ 'ది స్టోరీ ఆఫ్ యాన్ అవర్' రెండు మూడు పేజీలే. రైలు ప్రమాదంలో భర్త పోయాడన్న కబురుతో మొదలవుతుంది, ఆ కబురు తెచ్చిన స్నేహితుడు రెండో టెలిగ్రామ్ వచ్చేదాకా ఆగి మరీ రూఢి చేసుకుంటాడు. షోపాన్‌కి అయిదేళ్ళప్పుడు, 1855లో, మిస్సోరీలో కొత్త రైలు మార్గం తొలి ప్రయాణంలోనే గాస్కొనేడ్ నది వంతెన కూలి ఆమె తండ్రి చనిపోయాడు. తర్వాత పెరిగింది తల్లి, అమ్మమ్మ, ముత్తవ్వల మధ్య, ముగ్గురూ వితంతువులే. మగతోడు లేకుండా ఇల్లు ఎలా నడుస్తుందో ఆమెకి చిన్నప్పుడే తెలుసు. భర్త ఆస్కర్ 1882లో లూసియానాలో జ్వరంతో పోయాడు, అప్పులూ ఆరుగురు పిల్లలూ మిగిలారు. రాయడం ఆ తర్వాత. ఈ కథ 1894లో 'వోగ్'లో అచ్చయింది. ఒక్క హెచ్చరిక. భర్తతో సరిపడక ఇది రాసిందని పిల్లలు జవాబుపత్రాల్లో రాసేస్తారు. దానికి ఆధారం లేదు. ఆ కథలో మిసెస్ మాలర్డ్ భర్త కూడా మంచివాడే, కథ బలమంతా అక్కడుంది.

గిల్‌మన్ విషయంలో మాత్రం జీవితం చెప్పక తప్పదు, ఎందుకంటే డాక్టరు పేరు కథలోనే ఉంది. వైర్ మిచెల్ ఫిలడెల్ఫియాలో పేరుమోసిన నరాల వైద్యుడు. కాన్పు తర్వాత కుంగిపోయిన ఆమెకి 1887లో ఆయన 'విశ్రాంతి చికిత్స' చేశాడు: మంచం దిగకూడదు, బాగా తినాలి, ఎవరినీ కలవకూడదు. ఇంటికి పంపేటప్పుడు ఇంటిపనీ పిల్లా చూసుకో, బతికినంతకాలం కలం, కుంచె, పెన్సిలు ముట్టకు అన్నాడు. మూడు నెలలు పాటించి పిచ్చెక్కే అంచుదాకా వెళ్ళానని ఆమే 1913లో రాసింది. 'ది యెల్లో వాల్‌పేపర్' 1892 జనవరిలో వచ్చింది. ఆ కథ చెబుతున్న అమ్మాయి కూడా భర్త వస్తున్న అలికిడి వినగానే రాస్తున్న కాగితం దాచేస్తుంది. వాక్యాలు పొట్టిగా, పేరాలు తెగిపోయినట్టు ఉండడం అందుకే. ఆమె కథలో మనిషి లాగా కుప్పకూలిపోలేదు, చికిత్స వదిలేసి మళ్ళీ కలం పట్టింది. మతి చలించిన ఆవిడ అని నెట్‌లో రాసినవాళ్ళు రచయిత్రినీ పాత్రనీ కలిపేశారు.

సిలబస్‌లో లేకపోయినా ఇద్దరిని కలుపుకోండి. ఒకరు స్టీవెన్ క్రేన్. 1897 జనవరి 2న క్యూబా తిరుగుబాటుదారులకి ఆయుధాలు తీసుకెళ్తున్న 'కమొడోర్' ఓడ ఫ్లోరిడా దగ్గర మునిగింది. విలేకరిగా వెళ్ళిన క్రేన్ ఇంకో ముగ్గురితో చిన్న పడవలో సముద్రం మీద గడిపి ఒడ్డుకి చేరాడు. నాలుగు రోజుల్లో పేపర్లో రిపోర్టు వచ్చింది, ఓడ ఎలా మునిగిందో చెప్పి, పడవలో గడిపిన గంటల సంగతి ఇప్పుడు చెప్పనని దాటేశాడు. ఆ దాటేసిందే జూన్‌లో 'ది ఓపెన్ బోట్' అన్న కథ అయింది. నలుగురిలో ఒక్కడికే పేరుంది, బిల్లీ. అతనొక్కడే చనిపోతాడు.

ఇంకొకరు చార్ల్స్ చెస్‌నట్. ఈయన్ని ఎప్పుడూ వదిలేస్తారు, అది నాకు బాధ. ఓ. హెన్రీలాగే నార్త్ కరోలినాలో పెరిగిన నల్లజాతి రచయిత. చూడ్డానికి తెల్లవాడిలాగే ఉండేవాడు, అయినా అలా చలామణి కావడానికి ఒప్పుకోలేదు. క్లీవ్‌లాండ్‌లో కోర్టు స్టెనోగ్రాఫరుగా సంపాదించుకుంటూ రాత్రిళ్ళు రాశాడు. 1887లో 'అట్లాంటిక్'లో 'ది గూఫర్డ్ గ్రేప్‌వైన్' వచ్చినప్పుడు రాసింది నల్లవాడని పాఠకులకి తెలియదు. బానిసల కాలం ఎంత బావుండేదో అని మురిపించే కథలు ఆ రోజుల్లో తెగ అమ్ముడుపోయేవి. ఇదీ పైకి ఆ బాపతే. లోపల చూస్తే ద్రాక్షతీగతో పాటు వసంతంలో పడుచువాడై, చలికాలంలో ముసలివాడయ్యే హెన్రీ అనే బానిస ఉంటాడు. యజమాని అతన్ని వసంతంలో ఎక్కువకి అమ్మి, ఆకులు రాలాక తక్కువకి కొంటుంటాడు. బానిసత్వం అంటే ఏమిటో ఇంత క్రూరంగా, ఇంత నవ్వుతూ చెప్పిన కథ ఇంకోటి చూపించండి. 1898లో నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్‌లో నల్లవాళ్ళ మీద జరిగిన ఊచకోత మీద 1901లో నవల రాశాడు, అది అమ్ముడుపోలేదు, మళ్ళీ స్టెనోగ్రఫీకి వెళ్ళిపోయాడు. ఓ. హెన్రీ కథల్లో నల్లవాళ్ళని ఎంత చులకనగా రాశాడో కూడా ఈయన పక్కన పెట్టి చూపించండి. ఇష్టమైన రచయిత అని అది దాచకూడదు.

క్రమం అడిగారు కాబట్టి: మొదటి క్లాసులో లండన్ రెండు కథలూ ఇచ్చెయ్యండి, పాఠం వాళ్ళే మొదలుపెడతారు. తర్వాత ఓ. హెన్రీ లెక్కలు. అక్కడి నుంచి వెనక్కి పో, హాథార్న్ దగ్గరికి వెళ్ళండి, షోపాన్, గిల్‌మన్‌లని ఒకే వారంలో చెప్పండి, చెస్‌నట్‌తో ముగించండి. చెస్‌నట్ కథలో యాస గట్టిది, మీరే ఒకసారి పైకి చదివి వినిపించాలి. ఏ కథకైనా ముందు కథ చదివించి తర్వాతే జీవితం చెప్పండి. నేను పైన పేర్లు చెప్పిన కథలన్నీ కాపీరైట్ గడువు తీరినవే, ప్రింట్ తీసి పంచడానికి అడ్డంకి లేదు.